వాన నీళ్లలో దిగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి హబ్, బేరింగ్ ఎలా చూసుకోవాలి?

ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "డిసెంబరు వానల్లో బండి నీళ్లలో బ్రహ్మాండంగా నడిచింది. ఇప్పుడు ముందు చక్రం దగ్గర ఒకటే మోత. టైరా, బేరింగా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది చెన్నైలో వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూర్ వైపు ఉండే మన తెలుగువాళ్లే. వారాంతం వస్తే నెల్లూరో తిరుపతో వెళ్లొచ్చే కుటుంబాలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడదామని ఇది మొదలుపెట్టాను.

ముందు ఒక్క మాట గట్టిగా చెబుతాను. నీళ్లు దూరిన బేరింగ్ (చక్రం నున్నగా తిరిగేలా హబ్ లోపల ఉండేది) ఆ రోజే పోదు. నెలా రెండు నెలలు బాగానే తిరుగుతుంది, ఆ తర్వాతే అరవడం మొదలుపెడుతుంది. అరిచేసరికి గ్రీజుతో సరిపోయే పని కాస్తా బేరింగ్, సీలు (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగు), ఒక్కోసారి స్పిండిల్ (హబ్ తిరిగే ఇరుసు) కూడా మార్చే పనవుతుంది. కాబట్టి మోత కోసం ఎదురుచూడొద్దు. హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మునిగేంత నీళ్లలో బండి దిగిందంటే వారంలోపు విప్పి చూడాలి. అది ఉప్పునీరైతే, పులికాట్ వైపు గానీ సముద్రం ఒడ్డున గానీ దిగి ఉంటే, ఆ రోజే మంచినీళ్లతో కడిగి రెండు మూడు రోజుల్లో విప్పాలి.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచేసింది. ఆ మర్నాడు అది బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ నీళ్లలోనే మా పాత జీపులో పక్క వీధి పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్లాను. తర్వాత షెడ్డులో చూపిస్తే "మోత లేదుగా సార్, వదిలేయండి" అన్నారు. నేనూ వదిలేశాను. ఫిబ్రవరిలో నెల్లూరు వెళ్తూ సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగాను. ఎడమ ముందు హబ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. విప్పితే గ్రీజు పాలమీగడలా తెల్లబడిపోయింది, రేసు (బేరింగ్ రోలర్లు దొర్లే ఉక్కు రింగు) పైపొర పొట్టులా లేచిపోయింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. అదే రోడ్డు మీద అదే వేగంలో ఆ చక్రం బిగుసుకుపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

నీళ్లు ఎలా దూరుతాయంటే: అరగంట నడిచిన హబ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, ఆయిల్ సీలు అంచు దగ్గర నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. సీలు కొత్తదైనా కొంత తడి లోపలికి వెళ్లొచ్చు. యాక్సిల్ బ్రీదర్ (లోపలికి గాలి ఆడే గొట్టం) మట్టితో మూసుకుపోయి ఉంటే డిఫరెన్షియల్‌లోకి (రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్లలోకి) కూడా ఇలాగే దూరుతాయి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మీ బండిలో ఏ రకం?

పాత మహీంద్రా జీపుల్లాంటి వాటిలో ఒక్కో ముందు హబ్‌లో రెండు టేపర్ రోలర్ బేరింగులు (ఒకవైపు సన్నగా ఉండే రోలర్లున్నవి) ఉంటాయి. వీటిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, నట్టుతో ప్లే (అటూ ఇటూ కదిలే వదులు) సరిచేయొచ్చు. కొత్త తరం బళ్లలో ఎక్కువగా సీల్ చేసిన బేరింగ్ వస్తుంది. దాన్ని విప్పలేం, చెడితే మార్చడమే. మీది ఏదో మాన్యువల్‌లో చూసుకోండి. 1 నుంచి 3 వరకు దశలు, చివరి 9వ దశ అందరికీ. 4 నుంచి 8 వరకు టేపర్ రోలర్ వాళ్లకు. సీల్డ్ రకం సంగతి చివర్లో విడిగా రాశాను.

కావలసినవి

జాకీ, రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు. టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో, అంటే టార్క్ ఎంతో, చూపించేది). హబ్ నట్టుకు సరిపోయే సాకెట్ (ఉలి, సుత్తితో నట్టు కొట్టి తిప్పడం మన షెడ్లలో మామూలే, మీరు మాత్రం చేయకండి). వైరు బ్రష్, సన్న ఎమరీ కాగితం, కిరోసిన్, బనియన్ వేస్టు, బ్రేక్ క్లీనర్, ఇత్తడి రాడ్డు, రబ్బరు సుత్తి. కొత్త ఆయిల్ సీళ్లు, కొత్త లాక్ వాషర్లు, హబ్ గాస్కెట్. డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే మీటరు) దొరికితే మంచిది, లేకపోయినా పని ఆగదు.

గ్రీజు విషయంలో రాజీ పడొద్దు. డబ్బా మీద లిథియం కాంప్లెక్స్, ఎన్‌ఎల్‌జీఐ 2 (చిక్కదనం గ్రేడు), వీల్ బేరింగుకు పనికొస్తుంది అని ఉండాలి. ఛాసిస్‌కి కొట్టే చవక గ్రీజు బ్రేకుల వేడికి కరిగి కారిపోతుంది. రంగు చూసి గ్రీజు రకం చెప్పలేం, అది కంపెనీ కలిపే రంగు మాత్రమే.

బేరింగులు కొనడానికి చెన్నైలో అందరం పుదుప్పేటకో జీపీ రోడ్డుకో వెళ్తాం. పాత బేరింగ్ అంచు మీద చెక్కిన నంబరు రాసుకుని వెళ్లండి, "జీపు ముందు బేరింగ్" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నకిలీలు ఉన్నాయి. ఎస్‌కేఎఫ్ పెట్టె అయితే ఆ కంపెనీ సొంత ఆథెంటికేట్ యాప్‌తో ఫొటోలు తీసి సరిచూసుకోవచ్చు.

దశ 1: మోత టైరుదా, బేరింగుదా తేల్చుకోండి

బేరింగ్ మోత వేగంతో పాటు పెరుగుతుంది, రోడ్డు మారినా పెద్దగా మారదు. టైరు మోత తారు నుంచి కాంక్రీటు మీదకు వెళ్లగానే మారిపోతుంది. మడ్ టైర్లు వేసుకున్నవాళ్లు ఇక్కడే ఎక్కువ పొరబడతారు. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి మార్చి ఒకరోజు నడపండి. మోత కూడా వెనక్కి పోయిందంటే అది టైరే.

ఖాళీ రోడ్డు మీద మెల్లగా అటూ ఇటూ వంపు తిప్పండి. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగును అనుమానించండి. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమది.

తర్వాత చక్రం లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. టకటక కొట్టుకుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ప్లే పోతే బేరింగే. తొక్కినా ఉంటే అది బాల్ జాయింటో కింగ్ పిన్నో (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే కీళ్లు). చేతులు కుడి ఎడమలకు పెట్టి ఊపినప్పుడు మాత్రమే కొట్టుకుంటే స్టీరింగ్ టై రాడ్ చూడాలి. ఈ బ్రేకు పరీక్ష చేయకుండా బేరింగులు మార్చేసి, నెల తర్వాత "అదే చప్పుడు" అని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఏబీఎస్ ఉన్న బండిలో ఆ దీపం వెలిగి ఆరుతుంటే దాన్నీ తేలిగ్గా తీసుకోకండి. బేరింగ్ వదులైతే చక్రం వేగం చూసే సెన్సర్‌కీ దాని రింగుకీ మధ్య సందు మారిపోతుంది.

దశ 2: బండి లేపడం, చక్రం విప్పడం

గట్టి, సమతలమైన నేల మీద నిలపండి. గేరులో పెట్టి, లేపని చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె) వెనక షాఫ్టు మీద పనిచేస్తుంది. అందుకే వెనక చక్రం ఒక్కటి లేపితే చాలు, హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా బండి దొర్లిపోతుంది. దిమ్మెలు లేకుండా లేపొద్దు. జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి పని మొదలుపెట్టొద్దు.

సముద్రపు గాలి తగిలే ఊరిలో అల్లాయ్ చక్రం ఇనుప హబ్‌కు అతుక్కుపోవడం చాలా మామూలు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పుతడి చేరి, తెల్లటి బూడిదలాంటి పొర పెరిగి బిగుసుకుంటుంది. అలా అతుక్కుంటే చక్రం లోపలి అంచున రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. రాకపోతే బండి దించి, నట్లన్నీ ఒక్కో చుట్టు మాత్రమే వదులు చేసి, నడక వేగంలో రెండడుగులు ముందుకూ వెనక్కీ కదిపి ఆపండి. బండి బరువే చక్రాన్ని విడదీస్తుంది. బండి కింద దూరి లోపలి నుంచి తన్నడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

దశ 3: హబ్ ముఖం మీది తుప్పు తీయడం

చక్రం, బ్రేకు డిస్కు ఆనుకునే చదును ముఖం ఇది. అందరూ పట్టించుకోకుండా వదిలేసేదీ ఇదే. ఇక్కడ కాగితం మందం తుప్పు ఉన్నా, డిస్కు అంచుకు వెళ్లేసరికి ఆ వంకర ఇంకా పెద్దదవుతుంది. బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు వణుకుతుంది. డిస్కు మార్చినా తగ్గదు, ఎందుకంటే తప్పు డిస్కుది కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తుప్పు పొర మీద బిగించిన నట్లు, ఆ పొర నలిగి రాలాక వదులైపోతాయి.

వైరు బ్రష్‌తో రుద్ది, స్టడ్ల చుట్టూ మూలల్లో ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా తీయండి. గ్రైండర్ పెట్టి కోయొద్దు, చదును పోతే హబ్ పోయినట్టే. బ్రష్ ధూళి ఏబీఎస్ రింగు మీద పడకుండా గుడ్డ కప్పండి. చివర్లో చక్రం మధ్య రంధ్రం కూర్చునే గుండ్రటి అంచుకు మాత్రం సన్నటి పొరగా యాంటీ సీజ్ (అతుక్కోకుండా పూసే పేస్టు) పూయండి. స్టడ్లకు, నట్టు కూర్చునే చోట పూయకండి. అక్కడ జారుడు ఎక్కువైతే అదే టార్క్‌కు నట్టు ఎక్కువ బిగిసి స్టడ్ సాగిపోతుంది.

సీల్డ్ బేరింగ్ బండి వాళ్లు ఇక్కడ హబ్‌ను చేత్తో తిప్పి, స్ప్రింగు మీద రెండో చెయ్యి ఆనించండి. గరగర వేళ్లకు తెలుస్తుంది.

దశ 4: హబ్ విప్పడం

బ్రేకు కాలిపర్ విప్పితే వైరుతో కట్టి వేలాడదీయండి, బ్రేకు పైపు మీద దాని బరువు పడకూడదు. లాకింగ్ హబ్ లేదా డ్రైవ్ ఫ్లాంజ్ (యాక్సిల్‌ను హబ్‌కు కలిపే బయటి భాగం) తీశాక లాక్ వాషర్ మడతలు విప్పి, బయటి నట్టు, వాషర్, లోపలి నట్టు వరుసగా తీయండి. ఏ ముక్క ఏ వరుసలో వచ్చిందో ఫొటో తీసుకోండి. కుడి ఎడమ బేరింగులను కలిపేయకండి. ప్రతి రోలర్ తన రేసుతోనే అరుగుతుంది, వాటిని ఎప్పుడూ జంటగానే ఉంచాలి.

విప్పగానే గ్రీజు చూడండి, వాసన కూడా చూడండి. తెల్లగా మీగడలా ఉంటే నీళ్లు. గోధుమరంగు తుప్పు నీరు కారితే చాలాకాలంగా ఉన్న నీళ్లు. పల్చగా కారుతూ గేరాయిల్ ఘాటు వస్తే లోపలి యాక్సిల్ సీలు పోయి డిఫరెన్షియల్ నూనె హబ్‌లోకి వస్తోందన్నమాట. ఆ సీలు మార్చకుండా గ్రీజు పెడితే వారంలో కొట్టుకుపోతుంది.

దశ 5: కడిగి పరీక్షించడం (తొందరపడకూడని చోటు ఇదే)

కిరోసిన్‌లో బేరింగులను పాత గ్రీజు చుక్క లేకుండా కడగండి. పూర్తిగా ఆరనివ్వండి, కిరోసిన్ మిగిలితే కొత్త గ్రీజు పల్చబడుతుంది. కంప్రెసర్ గాలితో బేరింగును గిర్రున తిప్పి ఆరబెట్టడం కొందరికి సరదా. వద్దు. గ్రీజు లేకుండా ఆ వేగంలో రోలర్లు గీసుకుంటాయి, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) విడిపోతే ముక్కలు మొహం మీదకు వస్తాయి.

ఇప్పుడు పగటి వెలుతురులో చూడండి:

- రేసు మీద రోలర్ల మధ్య ఎంత దూరం ఉందో అంతే దూరంలో నల్లటి అడ్డగీతలు వరుసగా ఉంటే, నీళ్లు దూరాక బండి కదలకుండా నిలబడిపోయిందని అర్థం. వరద తర్వాత వారం రోజులు పార్కింగులో వదిలేసిన బళ్లలో ఇది తప్పకుండా వెతకండి. గోరు తగిలేంత లోతుంటే బేరింగ్ మార్చాల్సిందే.
- పొట్టులా లేచిన చోట్లు, గుంటలు: సందేహం లేదు, మార్చండి.
- నీలిరంగు: బేరింగ్ మాడింది. స్పిండిల్ కూడా నీలమైతే అనుభవం ఉన్న వర్క్‌షాప్‌లో చూపించండి.
- నున్నగా, బూడిదరంగులో సమానంగా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు.

తర్వాత స్పిండిల్ మీద సీలు అంచు రాసుకునే పట్టీ చూడండి. హబ్ తుప్పులో అసలు శత్రువు ఇక్కడే దాక్కుంటుంది. ఆ పట్టీ మీద తుప్పు గుంటలుంటే కొత్త సీలు రబ్బరును అవి కొద్ది వారాల్లో కోసేస్తాయి. మళ్లీ నీళ్లు, మళ్లీ బేరింగ్. "ఏడాదికి రెండు బేరింగులు మారుస్తున్నా" అనేవాళ్లలో ఎక్కువమందికి జబ్బు ఇదే. తేలికపాటి తుప్పైతే సన్న ఎమరీతో గుండ్రంగా రుద్ది నున్నగా చేయొచ్చు. గుంటలు లోతుగా ఉంటే పట్టీ మీద ఎక్కించే పల్చటి స్టీలు స్లీవు దొరుకుతుంది. అదీ కుదరకపోతే స్పిండిల్ మార్చడమే.

దశ 6: రేసు మార్చడం

మారిస్తే రోలర్, రేసు రెండూ కలిపే. పాత రేసు మీద కొత్త రోలర్ పెట్టి డబ్బు మిగిలిందనుకోవద్దు. పాత రేసును ఇత్తడి రాడ్డుతో ఒకసారి ఒకవైపు, ఇంకోసారి ఎదురువైపు తట్టి దించండి. కొత్తదాన్ని అదే పద్ధతిలో కూర్చోబెట్టండి. అడుగుకు తగిలినప్పుడు సుత్తి చప్పుడు బోలుతనం పోయి గట్టిగా మారుతుంది, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడూ చుట్టూ సందు లేదని కంటితో చూడండి.

దశ 7: గ్రీజు పెట్టడం

పైన పులమడం గ్రీజు పెట్టడం కాదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పు వైపు అంచును దానికేసి నొక్కుతూ ఉండండి. రోలర్ల మధ్య నుంచి అవతలివైపు గ్రీజు పురుగుల్లా బయటకు రావాలి. చుట్టూ అలా వచ్చేదాకా తిప్పుతూ చేయండి. హబ్ లోపలి ఖాళీలో మూడో వంతు, మహా అయితే సగం నింపితే చాలు. నిండా కూరితే చిలికి వేడెక్కి సీలును తోసుకుని బ్రేకుల మీదకు వస్తుంది. సీలు అంచుకూ కొంచెం రాయండి. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలపకండి.

చేత్తో తిప్పే లాకింగ్ హబ్ ఉంటే దాన్నీ కడగండి, కానీ అందులో చిక్కటి గ్రీజు నింపొద్దు. పలుచగా రాస్తే చాలు. ఎక్కువైతే లోపలి రింగు కదలదు, బురదలో దిగబడి లాక్ తిప్పినప్పుడు పట్టదు.

దశ 8: ప్లే సరిచేయడం

మొత్తం పనిలో ఎక్కువ బేరింగులు చచ్చేది ఈ ఒక్క చోటే. కొంచెం వదులుగా ఉన్న టేపర్ బేరింగ్ చాలాకాలం బతుకుతుంది, ఎక్కువ బిగించినది ఒక్క ప్రయాణంలో మాడుతుంది.

హబ్‌ను చేత్తో తిప్పుతూనే లోపలి నట్టు బిగించండి, రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తిప్పకుండా బిగిస్తే అవి వంకరగా నిలిచి తప్పుడు బిగువు చూపిస్తాయి. తర్వాత నట్టు వదులు చేసి, మళ్లీ చేతి బిగువుకు తెచ్చి, మాన్యువల్ చెప్పినంత మేరకు సరిచేయండి. డయల్ గేజ్ ఉంటే అటూ ఇటూ కదలిక చాలా బళ్లకు 0.02 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది. కొన్ని బళ్లకు కదలికకు బదులు స్ప్రింగు త్రాసుతో లాగి కొలిచే ప్రీలోడ్ (బేరింగ్ మీద ఉంచాల్సిన బిగువు) ఇస్తారు. మీ బండికి ఏది చెప్పారో అదే పాటించండి.

లాక్ వాషర్ పెట్టి బయటి నట్టు బిగించాక మళ్లీ కొలవండి. బయటి నట్టు బిగిస్తే నట్టు థ్రెడ్ల మధ్య ఉన్న సందు పోయి ప్లే తగ్గుతుంది. మొదటిసారి సరిగ్గా పెట్టి, రెండోసారి చూడక బేరింగ్ మాడ్చుకున్నవాళ్లు ఉన్నారు. సరిపోయాకే వాషర్ మడత వంచండి. పాత వాషర్ మడతను మళ్లీ వంచొద్దు, విరుగుతుంది.

దశ 9: చక్రం బిగించడం

డిస్కు, ప్యాడ్లు బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, వేలికంటిన గ్రీజు మరక కూడా బ్రేకును పాడుచేస్తుంది. నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. కదిలే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.

సీల్డ్ బేరింగ్ వాళ్లకు

చాలా బళ్లలో దీనికి ప్రెస్ (ఒత్తి ఎక్కించే యంత్రం) కావాలి, ఇంట్లో సుత్తితో దించొద్దు. వర్క్‌షాప్‌లో మార్పిస్తుంటే పక్కనే నిలబడి నాలుగు చూడండి. నకిల్‌లోకి (బేరింగ్ కూర్చునే ఇనుప భాగంలోకి) ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి, లోపలి రింగు మీద ఒత్తితే కొత్త బేరింగ్ అక్కడే దెబ్బతింటుంది. ఏబీఎస్ అయస్కాంత రింగు ఒక వైపే ఉంటుంది, అది సెన్సర్ వైపుకే రావాలి. యాక్సిల్ నట్టు కొత్తది వేయాలి. ఆ నట్టు టార్క్ పట్టకముందే బండి బరువు చక్రం మీదకు దించకూడదు.

పని సరిగ్గా వచ్చిందో లేదో

చక్రం లేపి ఉండగానే తిప్పితే గరగర లేకుండా నున్నగా తిరగాలి. టూ వీల్ డ్రైవ్‌లో, హబ్ ఫ్రీలో పెట్టి తిప్పండి, లేకపోతే యాక్సిల్ బరువు కలిసి తప్పుగా అనిపిస్తుంది.

తర్వాత 20 కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా మెల్లగా ఆపండి. మొదట అరచేతి వెనకవైపును హబ్ మధ్యకు దగ్గరగా తెచ్చి వేడి చూసుకోండి, ఆ తర్వాతే తాకండి. గోరువెచ్చగా ఉండటం మామూలే. ఎడమ, కుడి పోల్చడం ముఖ్యం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో రెండింటి మధ్య 15, 20 డిగ్రీల తేడా కనిపిస్తే ఆ రోజే మళ్లీ విప్పండి. ఒకవైపు బ్రేకు పట్టేసినా ఇలాగే వేడెక్కుతుంది, అదీ చూడండి.

50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత నట్ల టార్క్ ఇంకోసారి చూడండి. కొత్త రేసులు వేసి ఉంటే 500 దగ్గర చక్రం లేపి ప్లే కూడా చూడండి. ఇక్కడి నుంచి తిరుపతి వెళ్లొస్తే సగానికి పైగా అయిపోతుంది. వచ్చాక మర్నాడు పొద్దున్నే, హబ్ చల్లగా ఉన్నప్పుడు చూడండి.

ఇక కడిగేటప్పుడు ప్రెషర్ వాటర్ గన్‌ను నేరుగా హబ్ సీలు మీదకు పెట్టించకండి. వరద నీళ్లు దూరని చోటికి కూడా ఆ ధార దూరుతుంది. యాక్సిల్ బ్రీదర్ గొట్టం తీసి ఊది చూడండి, గాలి పోతోందా లేదా తెలుస్తుంది. ఈ రెండూ, పాత జీపు వాళ్లయితే సీళ్ల తనిఖీ కూడా, అక్టోబరులో వానలు దిగకముందే పూర్తి చేసుకోండి. డిసెంబరులో షెడ్లన్నీ మునిగిన కార్లతో నిండిపోయి ఉంటాయి, అప్పుడు హబ్ విప్పేందుకు ఎవరికీ తీరిక ఉండదు.